పదకొండో మీట

పద్దెనిమిది మీటల్లో మూడు లేవు.
పంచదార మిల్లు లెక్కలన్నీ కట్టిన యంత్రం,
ఓద్రా ఒడ్డున ఏదో గోదాములో
ముప్పై ఏళ్లు పావురాల కింద పడుండి
ఇప్పుడు మ్యూజియం వెనకగదిలో
పళ్లూడిన నోటితో నా వంక చూస్తోంది.

ఒతీలియా పదకొండో మీటను ఊడదీసి
దూదిలో చుట్టి చేతికిచ్చింది.
"ఇది అసలుది, హాల్ష్కా.
దీన్ని చూసి మూడు చెయ్యి."

అచ్చు తియ్యడం పనే కాదు,
సిలికాన్ తన పాటికి తను రాత్రంతా గట్టిపడుతుంది.
రంగు. రంగు దగ్గరే వస్తుంది తంటా.
కొత్త డబ్బాలోని తెలుపు పనికిరాదు,
ఇరవై ఏళ్లు సిగరెట్ పొగ తాగిన తెలుపు కావాలి.
రెజిన్‌లో ఒక చుక్క గోధుమరంగు,
సూదిమొన మీద నిలిచేంత పసుపు,
తప్పితే పారబోసి మళ్లీ.
ఆరోసారికి కుదిరింది.
కుదిరాక భయమేసింది:
నాలుగూ బల్ల మీద పెడితే
ఏది ఎవరిదో నాకే తెలియలేదు.

అందుకే గుర్తు.
మీట అడుగున, స్ప్రింగు ఆనే పల్లంలో,
పళ్ల డాక్టరు పారేసిన ముల్లుతో
నా పేరులో మొదటి అక్షరం, పక్కన సంవత్సరం.
అచ్చులోనే పెట్టేస్తే పోదా అంటారు.
పోదు. ఒప్పుకోలు ఎవరిది వాళ్లు
చేత్తో రాసుకోవాలి.

మ్యూనిక్ నుంచి రూప్రెష్ట్ ఉత్తరం:
ఇలాంటివే ఇరవై కావాలి,
అడుగున గీత మాత్రం వద్దు,
ధర మీరే చెప్పండి.
నేనెందుకు, కారుతున్న నా పైకప్పే చెప్పగలదు ధర.
ఉత్తరాన్ని బల్ల మీద పరిచాను,
రెజిన్ చుక్కలు పడేచోట.

తిరిగి ఇచ్చేసే రోజు
అసలుదాని అంచున చిన్న బొడిపె కనబడింది.
ముట్టుకోకూడదు. నాకు తెలుసు.
చెయ్యి ఊరుకోలేదు, గరుకు కాగితంతో
ఒక్కసారి, ఒకే ఒక్కసారి రుద్దాను.

కర్పూరం.

మా మేనత్త బీరువాలో ఉన్నికోట్ల వాసన.
మీటల ప్లాస్టిక్ ఇలా వాసనెయ్యదు.
దువ్వెన వేస్తుంది, పాతకాలం సెల్యులాయిడ్ దువ్వెన.
భూతద్దం తెచ్చాను.
పల్లంలో, మురికి కింద, మూడు చుక్కలు. 71.

నవంబరు అయ్యుంటుంది.
గేటు బయట బీట్‌దుంపల బళ్లు,
విడిభాగం రావాలంటే ఏడు సంతకాలు.
రాత్రి షిఫ్టులో ఎవరో
జేబులోంచి దువ్వెన తీసి విరిచారు,
తెల్లారేదాకా ఆకురాయితో అరగదీశారు,
చెదిరిన జుట్టుతోనే ఇంటికెళ్లారు.
పై అధికారి కంట పడితే జీతం కోత.
అయినా మూడు చుక్కలు పెట్టారు,
దొంగ పెట్టని మూడు చుక్కలు.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు.
నేను పులి అనుకున్నది
ఇంకో నక్క.
ఆరుసార్లు పారబోసి నేను పట్టుకున్న రంగు
మిల్లుది కాదు, ఎవరి తలనూనెదో.

ఒతీలియాకు చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
"అసలు కన్నా వడ్డీ ముద్దు" అనడానికి
ఇక్కడ అసలేదీ, అంతా వడ్డీయే.
మళ్లీ చెయ్యనా అని అడిగాను.
ఆమె జాబితాలో పదకొండు ఎదురుగా
"అసలు" కొట్టేసి, పెన్ను గాల్లో పట్టుకుని,
ఆ గడిని ఖాళీగా వదిలేసింది.

నా మూడింటినీ మళ్లీ తిరగేశాను.
నా అక్షరానికి పైన, ముల్లు వణక్కుండా,
మూడేసి చుక్కలు.

బిగించాక చూస్తే
పద్నాలుగు ఒక రంగు, నాలుగు ఒక రంగు.
మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడ్డప్పుడే తెలుస్తుంది.
ఒతీలియా పదకొండోదాన్ని పైకి నొక్కింది.
పైన దీపం వెలిగింది.
కిందికి నొక్కింది.
ఆరడానికి కొంచెం ఆలోచించింది.